వజ్రపు సాన: బరువుకూ వెలుగుకూ నడుమ ఎంపిక - కృష్ణాతీర వజ్రాల నేపథ్యంలో ఒక వివరణ

వ్యాససంగ్రహం:

వజ్రాభరణం కొనేవారు మొదట అడిగేది రాయి బరువు. రాయి అందాన్ని ఎక్కువగా నిర్ణయించేది మాత్రం దానికి పట్టిన సాన. ముడివజ్రానికి సాన పట్టే ప్రతి సందర్భంలోనూ బరువును నిలుపుకోవడం, వెలుగును రాబట్టడం అనే రెండు లక్ష్యాలు ఎదురెదురుగా నిలుస్తాయి. నేడు ఆభరణాలలో అత్యధికంగా కనిపించే గుండ్రని బ్రిలియంట్ కట్ నిర్మాణాన్ని, దానికి ముందు కృష్ణాతీర గనుల వజ్రాలకు పట్టిన టేబుల్ కట్, రోజ్ కట్‌లతో పోల్చి వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల భూగర్భ నేపథ్యాన్ని, టావెర్నియర్ నమోదు చేసిన సాన పద్ధతులను, కొన్ని ప్రసిద్ధ వజ్రాల చరిత్రను ఆధారంగా తీసుకొని, కొత్త రాయిని ఎంచుకొనేటప్పుడూ పాతనగలోని రాయిని మార్చుకొనేటప్పుడూ గమనించవలసిన అంశాలను ఇందులో చర్చించడమైనది.

కీలకపదాలు: వజ్రం, రవ్వ, సాన, బ్రిలియంట్ కట్, రోజ్ కట్, టేబుల్ కట్, కృష్ణాతీర గనులు, నల్గొండ, మహబూబ్‌నగర్.

1. ఉపోద్ఘాతం:

తెలుగులో వజ్రానికి 'రవ్వ' అనే పేరు కూడా ఉంది. రవ్వల దుద్దులు, రవ్వల ముక్కుపుడక, రవ్వల నెక్లెస్ అనే మాటలు ఇంటింటా వినిపించేవే. నిప్పులోంచి ఎగిసే కణాన్ని కూడా మనం రవ్వ అనే అంటాం. ఒకే మాట రెండింటికీ చెల్లడంలో ఒక పరిశీలన దాగి ఉంది. రాయి కదిలినప్పుడు చటుక్కున మెరిసి మాయమయ్యే చిన్న వెలుగు తునక నిప్పురవ్వను తలపిస్తుంది. ఆ తునక ఎక్కడినుండి వస్తుంది? రాయి స్వభావం నుండా, మనిషి చేతిపని నుండా? ఈ ప్రశ్నకు సమాధానం తెలిసినవారికి దుకాణంలో రాయిని ఎంచుకోవడం సులువవుతుంది.

వజ్రం నాణ్యతను వర్తకులు నాలుగు అంశాలుగా చెబుతారు: బరువు, రంగు, స్వచ్ఛత, కట్. వీటిలో మొదటి మూడూ చాలావరకు నేల ఇచ్చినవి. నాలుగవది మాత్రం పూర్తిగా పనివాని నిర్ణయం. కట్ అనే మాటను వ్యవహారంలో రెండు అర్థాలలో వాడటం వల్ల కొంత గందరగోళం ఏర్పడుతున్నది. గుండ్రం, కోలగా ఉండే ఓవల్, చతురస్రంగా ఉండే ప్రిన్సెస్ వంటివి రాయి ఆకారాలు. ఆ ఆకారంలో ముఖాలను ఏ కోణంలో, ఏ నిష్పత్తిలో, ఎంత నునుపుగా తీర్చారన్నది సాన నాణ్యత. రెండు గుండ్రని రాళ్లు ఒకే బరువు, ఒకే రంగు, ఒకే స్వచ్ఛత కలిగి ఉండి కూడా, ఒకటి వెలిగిపోతూ మరొకటి గాజుముక్కలా ఉండటానికి కారణం ఈ రెండవదే.

2. మెరవని వజ్రం - నల్గొండ, మహబూబ్‌నగర్ నేలలు:

కృష్ణానది తెలంగాణలో అడుగుపెట్టేది పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలో, నేటి నారాయణపేట జిల్లా తంగిడి ప్రాంతంలో. అక్కడినుండి పూర్వపు నల్గొండ జిల్లా తూర్పు అంచు దాకా చాలావరకు ఈ రెండు జిల్లాలకూ దక్షిణపు ఎల్లగా ప్రవహిస్తుంది. చరిత్రలో గోల్కొండ వజ్రాలుగా ప్రసిద్ధికెక్కినవి గోల్కొండ కోటలో దొరికినవి కావు. అవి కృష్ణా, పెన్నా పరీవాహక ప్రాంతాల గనులలో లభించి, గోల్కొండ రాజ్యపు విపణి ద్వారా లోకానికి చేరినవి. వాటిలో మిక్కిలి పేరుపొందిన కొల్లూరు గని కృష్ణకు కుడిగట్టున, నేటి పల్నాడు జిల్లాలో ఉంది. దానికి ఎదురుగట్టు పూర్వపు నల్గొండ జిల్లాలోని, నేటి సూర్యాపేట జిల్లా ప్రాంతం. ఆ గని పరిసరాలు ఇప్పుడు పులిచింతల జలాశయపు ముంపు ప్రాంతంలో ఉన్నాయి.

వజ్రాలు భూమిలో ఎంతో లోతున పుట్టి, కింబర్లైట్, లాంప్రోయిట్ అనే అగ్నిశిలల ద్వారా పైకి వస్తాయి. నారాయణపేట, మద్దూరు, కోటకొండ పరిసరాలలో కింబర్లైట్ శిలలను భూగర్భ శాస్త్రజ్ఞులు గుర్తించారు. వాటి వయస్సు సుమారు 110 కోట్ల సంవత్సరాలు. నల్గొండ జిల్లాలో రామడుగు, వట్టికోడు ప్రాంతాలలో లాంప్రోయిట్ శిలలు బయటపడ్డాయి. అయితే వజ్రాన్ని మోసుకురాగల శిల ఉన్నంతమాత్రాన వజ్రం ఉండితీరాలన్న నియమం లేదు. ఈ రెండు ప్రాంతాలలోనూ గని తవ్వకానికి తగిన వజ్రనిల్వలు ఇంతవరకు బయటపడలేదు.

ఈ ప్రాంతపు చెలకలలో వాన వెలిసిన తరువాత తళుక్కుమనే రాళ్లు తరచుగా కనిపిస్తాయి. వాటిలో అధికభాగం పలుగురాళ్లు. వాటి పలకలు సహజంగానే నునుపుగా ఉండటం వల్ల ఎండకు మెరుస్తాయి. ముడివజ్రం ఇందుకు భిన్నమైనది. ఏటిగులకలో దొరికే ముడివజ్రం నూనె పూసినట్లు జిడ్డుగా, మసకగా, కొన్నిసార్లు గరుకు పొరతో ఉంటుంది. తెలియనివారు దానిని దాటుకొని పోయి పలుగురాయిని ఏరుకోవడం సహజం. వజ్రపు మెరుపు నేలలో దొరికే గుణం కాదని, సానమీద వెలికివచ్చే గుణమని ఈ పోలిక స్పష్టం చేస్తుంది.

3. వజ్రంలో వెలుగు నడిచే తీరు:

వెలుతురు గాలిలోంచి మరొక పదార్థంలోకి ప్రవేశించేటప్పుడు వంగుతుంది. ఎంత వంగుతుందో తెలిపే సంఖ్యను వక్రీభవన గుణకం అంటారు. పలుగురాయికి అది సుమారు 1.54 కాగా, వజ్రానికి 2.42. ఈ అధిక గుణకం వల్ల ఒక విశేషం ఏర్పడుతుంది. వజ్రంలోకి చేరిన వెలుగు లోపలి గోడను తాకినప్పుడు, ఆ గోడకు గీసిన లంబంతో సుమారు 24.4 డిగ్రీలకు మించిన కోణం చేస్తే బయటికి పోలేదు. అద్దంమీద పడ్డట్లు పూర్తిగా లోపలికే మరలుతుంది. అంతకు తక్కువ కోణంలో తాకితే చాలాభాగం వెనుకనుండి జారిపోతుంది.

సాన పనిలోని రహస్యమంతా ఈ 24.4 డిగ్రీల హద్దులో ఉంది. పైనుండి లోపలికి వచ్చిన వెలుగును కిందిగోడలు రెండుసార్లు మరలించి తిరిగి పైకే పంపేటట్లు కోణాలను తీర్చాలి. అలా జరిగినప్పుడు మూడు ఫలితాలు కలుగుతాయి. తెల్లని వెలుగు తిరిగి చూపరి కంటికి చేరడం మొదటిది. ఆ వెలుగు బయటికి వచ్చేటప్పుడు ఎరుపు, నీలం మొదలైన రంగులుగా చీలడం రెండవది. రాయి గానీ, చూపరి గానీ కదిలినప్పుడు వెలుగునీడలు మారుతూ తళుకుమనడం మూడవది. ఈ మూడింటి కలయికనే మనం వజ్రకాంతి అంటున్నాం.

4. టావెర్నియర్ చూసిన సాన:

ఫ్రెంచి రత్నవర్తకుడు జీన్ బాప్టిస్ట్ టావెర్నియర్ 17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యపు గనులను స్వయంగా దర్శించి, 1676లో ప్రచురితమైన తన యాత్రాగ్రంథంలో వాటిని వర్ణించాడు. కొల్లూరులో 60,000 మంది పనిచేసేవారని ఆయన రాశాడు. గోల్కొండ నుండి ఐదు దినాల ప్రయాణ దూరంలో ఉన్నదని ఆయన చెప్పిన రావోల్‌కొండ గని వద్ద సానగాండ్ర పనిని వివరంగా నమోదు చేశాడు. అక్కడి పనివారు ఉక్కుచక్రం మీద వజ్రపు పొడినే వాడి వజ్రానికి సాన పట్టేవారు. వజ్రాన్ని కోయగలిగేది వజ్రమే కనుక మరో మార్గం లేదు.

టావెర్నియర్ పరిశీలనలలో మన చర్చకు అత్యంత ముఖ్యమైనది ఒకటుంది. రాయి నిర్మలంగా ఉంటే అక్కడి పనివారు బరువు తగ్గుతుందన్న భయంతో పైనా కిందా చక్రాన్ని కొద్దిగా తాకించి వదిలేవారు. రాతిలో మచ్చ, చుక్క, పగులు వంటి దోషముంటే మాత్రం దానిని కప్పిపుచ్చడానికి రాయినిండా చిన్నచిన్న ముఖాలు తీర్చేవారు. దీనినిబట్టి ఆనాటి కొనుగోలుదారుకు తక్కువ ముఖాలున్న రాయి నమ్మదగినదిగా, ఎక్కువ ముఖాలున్న రాయి అనుమానించదగినదిగా తోచి ఉంటుందని ఊహించవచ్చు. నేటి అభిరుచికి ఇది పూర్తిగా తలకిందుల లెక్క. అయినా దానికి తగిన తర్కం ఉంది. ఆ కాలంలో వజ్రం అలంకారంతోపాటు దాచుకొనే సంపద. సంపదను కొలిచేది బరువు.

రత్నశాస్త్ర గ్రంథాలు సైతం ఉత్తమ వజ్రానికి ఆరు మొనలు, ఎనిమిది ముఖాలు, పన్నెండు అంచులు ఉండాలని చెప్పాయి. ఇది సహజంగా పెరిగిన వజ్రపు స్ఫటికాకృతి. రెండు చతురస్ర గోపురాలను అడుగులు కలిపి అతికించినట్లుండే రూపం. ప్రకృతి తీర్చిన ఆకృతినే ఆదర్శంగా భావించిన సంప్రదాయంలో, దానిని కోసి పొడిచేయడం మెచ్చదగిన పని కాకపోవడం సహజం.

5. టేబుల్ కట్, రోజ్ కట్:

ఈ సహజ స్ఫటికపు పైమొనను అరగదీసి సమతలం చేసి, కిందిమొనను కొద్దిగా తాకిస్తే టేబుల్ కట్ ఏర్పడుతుంది. బరువు నష్టం అతి తక్కువ. ఇరాన్ రాజధాని టెహరాన్‌లోని రాజరత్నాల ఖజానాలో ఉన్న దరియా-ఇ-నూర్ ఈ తరహా రాయి. లేత గులాబీ వన్నెగల ఆ వజ్రం బరువు సుమారు 182 క్యారట్లు. టావెర్నియర్ 1642లో గోల్కొండలో చూసి బొమ్మ గీసిన పెద్ద బల్లపరుపు వజ్రంలో ఇది ఒక భాగమని 1965లో ఆ ఖజానాను పరిశీలించిన కెనడా నిపుణులు నిర్ణయించారు.

టేబుల్ కట్‌లో వెలుగు ఎందుకు నిలవదో చిన్న లెక్కతో తెలుసుకోవచ్చు. సహజ స్ఫటికపు ఏటవాలు గోడ నడుముతో సుమారు 54.7 డిగ్రీల కోణం చేస్తుంది. పైనుండి నిట్టనిలువుగా దిగిన కిరణం మొదటి గోడను 54.7 డిగ్రీల కోణంలో తాకుతుంది. ఇది 24.4 కన్నా ఎక్కువ కనుక కిరణం లోపలికే మరలుతుంది. ఎదుటి గోడను తాకే కోణం, 180 నుండి మొదటి కోణానికి మూడు రెట్లు తీసివేయగా వచ్చేది, అంటే సుమారు 16 డిగ్రీలు. ఇది హద్దుకు లోబడినది కనుక ఎక్కువ వెలుగు అక్కడినుండి వెనక్కు జారిపోతుంది. అందువల్ల టేబుల్ కట్ రాయి నిర్మలమైన నీటిపలకలా గంభీరంగా కనిపిస్తుందే గాని రవ్వలు చిమ్మదు.

రోజ్ కట్ మరొక పాతరూపం. అడుగు బల్లపరుపుగా ఉండి, పైభాగం గులాబీమొగ్గలా ఉబ్బి, దానిమీద త్రికోణాకారపు ముఖాలు వరుసలు తీరి ఉంటాయి. పూర్తిస్థాయి రోజ్ కట్‌లో 24 ముఖాలుంటాయి. పలుచని ముడిరాళ్లకు ఇది తగిన పద్ధతి. తక్కువ బరువుతో ఎక్కువ వెడల్పు కనిపిస్తుంది. అయితే అడుగు సమతలం కావడంతో పైనుండి వచ్చిన వెలుగు దాదాపు నేరుగా కిందికి దిగిపోతుంది. ఈ లోటును పూడ్చడానికే కుందనపు పనిలో రాయివెనుక తళుకురేకు ఉంచి, వెనుకభాగాన్ని మూసివేస్తారు. రాయి చేయని పనిని రేకు చేస్తుంది. దీపపు వెలుతురులో ఇలాంటి నగ ఇచ్చే మెత్తని కాంతికి దానిదైన అందం ఉంది.

6. గుండ్రని బ్రిలియంట్ కట్ నిర్మాణం:

17వ శతాబ్దపు ఐరోపాలో రూపుదిద్దుకొన్న బ్రిలియంట్ పద్ధతి, వెలుగు కోసం బరువును వదులుకోవడానికి సిద్ధపడిన పద్ధతి. నేటి గుండ్రని బ్రిలియంట్‌లో నడుముపట్టీకి పైభాగాన్ని క్రౌన్ అని, కిందిభాగాన్ని పెవిలియన్ అని అంటారు. క్రౌన్‌లో మధ్యనున్న పెద్ద సమతల ముఖమైన టేబుల్‌తో కలిపి 33 ముఖాలు, పెవిలియన్‌లో 24 ముఖాలు, మొత్తం 57 ఉంటాయి. కిందిమొనను కొద్దిగా చదునుచేస్తే 58 అవుతాయి.

1919లో మార్సెల్ టోల్కోవ్‌స్కీ ఈ రూపానికి గణితపు పునాది వేశాడు. రాయి వ్యాసంలో టేబుల్ వెడల్పు 53 శాతం, క్రౌన్ కోణం 34.5 డిగ్రీలు, పెవిలియన్ కోణం 40.75 డిగ్రీలు ఉంటే వెలుగూ రంగులూ సమతూకంలో ఉంటాయని ఆయన లెక్కగట్టాడు. పైన చెప్పిన లెక్కనే ఇక్కడా వేసి చూడవచ్చు. నిట్టనిలువు కిరణం మొదటి గోడను 40.75 డిగ్రీల కోణంలోనూ, రెండవ గోడను సుమారు 57.75 డిగ్రీల కోణంలోనూ తాకుతుంది. రెండూ 24.4 డిగ్రీలకు మించినవే. అందుచేత వెలుగు రెండుసార్లు మరలి పైకే వస్తుంది. స్ఫటికపు సహజకోణాన్ని సుమారు 14 డిగ్రీలు తగ్గించడమే ఈ మార్పుకు మూలం. ఆ 14 డిగ్రీలకు చెల్లించే మూల్యం బరువు. సాధారణంగా ముడిరాయి బరువులో సగం దాకా పొడిగా రాలిపోతుంది.

టోల్కోవ్‌స్కీ సంఖ్యలే ఏకైక ప్రమాణమని భావించనవసరం లేదు. వాటికి కొంచెం అటూ ఇటూగా ఉన్న నిష్పత్తులు కూడా చక్కని ఫలితమిస్తాయని తరువాతి పరిశోధనలు చూపాయి. అమెరికాలోని జీఐఏ సంస్థ 2006 నుండి గుండ్రని బ్రిలియంట్లకు ఎక్సెలెంట్, వెరీ గుడ్, గుడ్, ఫెయిర్, పూర్ అనే ఐదు తరగతుల కట్ శ్రేణిని ఇస్తున్నది.

7. సాన మార్చితే మిగిలేది, పోయేది:

బరువుకూ వెలుగుకూ మధ్య జరిగే ఈ బేరం ఎంత తీవ్రమైనదో ప్రసిద్ధ వజ్రాల చరిత్ర చెబుతుంది. 1665లో ఔరంగజేబు కొలువులో టావెర్నియర్ చూసిన గ్రేట్ మొఘల్ వజ్రం సగానికి కోసిన గుడ్డు ఆకారంలో ఉండేది. కొల్లూరులో దొరికినదని చెప్పే ఆ రాయి ముడిగా 787 క్యారట్లకు పైగా ఉండగా, సాన తరువాత 280 క్యారట్లే మిగిలింది. సాన పట్టిన వెనిస్ పనివాడు హోర్టెన్షియో బోర్జియోకు కూలికి బదులు పదివేల రూపాయల జరిమానా దక్కిందని టావెర్నియర్ రాశాడు.

మద్రాసు గవర్నరు థామస్ పిట్ కొన్న 410 క్యారట్ల ముడివజ్రాన్ని 18వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో లండన్‌లో బ్రిలియంట్‌గా తీర్చారు. మిగిలింది సుమారు 140 క్యారట్లు. దాదాపు మూడింట రెండువంతులు పోయినా, నేడు పారిస్ లూవ్ర్ మ్యూజియంలో రీజెంట్ పేరుతో ఉన్న ఆ రాయి ప్రపంచంలోని అందమైన వజ్రాలలో ఒకటిగా పరిగణింపబడుతున్నది. ఇక్కడ త్యాగం ఫలించింది.

కోహినూర్ కథ మరింత జటిలమైనది. 1851లో లండన్ మహాప్రదర్శనలో దానిని చూసిన జనం అది మెరవడం లేదని నిరాశపడ్డారు. మరుసటి ఏడాది ఆమ్‌స్టర్‌డామ్ పనివారిని రప్పించి, 38 రోజులపాటు సాన పట్టించారు. 186 పాత క్యారట్ల రాయి, అంటే నేటి కొలతలో సుమారు 191 క్యారట్లది, 105.6 క్యారట్ల కోలబ్రిలియంట్‌గా మారింది. బరువులో 45 శాతం దాకా పోయింది. దానితోపాటు భారతీయ సానగాండ్రు తీర్చిన రూపమూ శాశ్వతంగా పోయింది. దానిని నమూనాలలో, చిత్రాలలో మాత్రమే ఇప్పుడు చూడగలం.

ఇటీవలి ఉదాహరణ విటెల్స్‌బాక్ నీలివజ్రం. 35.56 క్యారట్ల ఈ చారిత్రక వజ్రాన్ని 2008లో కొన్న లారెన్స్ గ్రాఫ్ దానికి మళ్లీ సాన పట్టించగా 31.06 క్యారట్లు మిగిలింది. రంగు, స్వచ్ఛత శ్రేణులు పెరిగాయి. శతాబ్దాల రూపం చెరిగిందని చరిత్రకారులు విమర్శించారు. సాన మీద పోయిన దానిని తిరిగి అతికించే విద్య లేదు. ఈ ఒక్క కారణంగా పాతరాయికి మళ్లీ సాన పట్టించే నిర్ణయం తొందరలో తీసుకోదగినది కాదు.

8. కొత్త రాయిని ఎంచుకొనేటప్పుడు:

పై చర్చ ఆధారంగా కొనుగోలుదారు పాటించదగిన పరిశీలనలు ఇవి.

8.1 బరువుతోపాటు వ్యాసాన్ని అడగాలి. ఒక క్యారట్ అంటే 0.2 గ్రాములు. చక్కగా సాన పట్టిన ఒక క్యారట్ గుండ్రని బ్రిలియంట్ వ్యాసం సుమారు 6.5 మిల్లీమీటర్లు ఉంటుంది. వ్యాసాన్ని వ్యాసంతో, దానిని లోతుతో, దానిని 0.0061తో గుణిస్తే సుమారు బరువు క్యారట్లలో వస్తుంది. కొలతలు మిల్లీమీటర్లలో ఉండాలి. ఒక క్యారట్ రాయి వ్యాసం 6.2 మిల్లీమీటర్లే ఉంటే దాని లోతు సుమారు 4.26 మిల్లీమీటర్లు, అంటే వ్యాసంలో 69 శాతం దాకా ఉందని అర్థం. 6.5 మిల్లీమీటర్ల రాయిలో ఇది 60 శాతానికి దగ్గరగా ఉంటుంది. మొదటి రాయిలో కొనుగోలుదారు డబ్బు కంటికి కనిపించని అడుగుభాగంలో దాగి ఉంటుంది. పైగా అది చిన్నదిగా, మధ్యలో నల్లగా కనిపిస్తుంది. మరీ లోతు తక్కువైన రాయిలో టేబుల్ కింద చేపకన్ను వంటి తెల్లని వలయం కనిపిస్తుంది. రెండూ వెలుగు జారిపోతున్న గుర్తులే.

8.2 పూర్ణాంకపు బరువులపట్ల జాగ్రత్త అవసరం. అర క్యారట్, ఒక క్యారట్ వంటి బరువుల వద్ద ధర ఒక్కసారిగా పెరుగుతుంది. ఆ అంకెను అందుకోవడానికి నడుముపట్టీని మందంగానో, అడుగును లోతుగానో వదిలివేసే అవకాశముంది. ఒక క్యారట్‌కు కొంచెం తక్కువ బరువుండి చక్కగా సాన పట్టిన రాయి, తక్కువ ధరకే ఎక్కువ వెలుగునివ్వవచ్చు.

8.3 పలు వెలుతురులలో చూడాలి. ఐరోపావారు రాళ్లను పగటివెలుగులో పరీక్షిస్తే, ఇక్కడివారు రాత్రిపూట గోడలో అడుగు చదరపు గూడు చేసి, లావు వత్తి దీపం పెట్టి, వేళ్లమధ్య రాయిని పట్టుకొని పరీక్షించేవారని టావెర్నియర్ రాశాడు. నీలిచాయ ఉందో లేదో తెలుసుకోవడానికి గుబురుచెట్టు నీడకు తీసుకొనిపోయేవారు. నేటి దుకాణాలలో పైనుండి పడే సూటిదీపాలు సాన సరిగాలేని రాయిని కూడా మెరిపిస్తాయి. కాబట్టి అదే రాయిని గుమ్మం దగ్గర నీడలోనూ, మామూలు ట్యూబ్‌లైటు కిందా చూడడం మేలు. అక్కడ కూడా వెలుగు నిలిచిన రాయి సాన మంచిది.

8.4 పొదగకముందే చూడాలి. వెనుక మూసిన అమరికలో రాయి లోతు, అడుగుభాగం, రేకు సాయం తెలియవు. పొదగని రాయిని పది రెట్లు పెద్దదిచేసి చూపే భూతద్దంతో పరిశీలించి, ధ్రువపత్రంలోని కొలతలతో సరిపోల్చుకోవాలి. నగమీది హాల్‌మార్క్ బంగారపు స్వచ్ఛతకు మాత్రమే హామీ. అది రాయిని గురించి ఏమీ చెప్పదు.

8.5 ప్రయోగశాలలో పెంచిన వజ్రాలకూ ఇవే సూత్రాలు వర్తిస్తాయి. వాటి వక్రీభవన గుణకం గనివజ్రంతో సమానం కనుక సానలోని గుణదోషాలూ ఒకేలా ప్రవర్తిస్తాయి. రాయి పుట్టుక ధ్రువపత్రంలో స్పష్టంగా రాసి ఉందో లేదో చూసుకోవడం మాత్రం తప్పనిసరి.

9. పాతనగలలోని రవ్వలు:

నల్గొండ, పాలమూరు ప్రాంతాలలోనూ, ఇతర తెలుగు ప్రాంతాలలోనూ అమ్మమ్మల, నాయనమ్మల దుద్దులు, ముక్కుపుడకలు పెండ్లిళ్ల సందర్భంలో మార్పిడికి వస్తుంటాయి. బంగారాన్ని తూచి, రాళ్లను తరుగు కింద తీసివేయడమో, పాతసాన కనుక విలువలేదనడమో జరిగితే, ఆ మాటను అంగీకరించేముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి.

మొదటిది, రాయి ఏమిటి? రోజ్ కట్ రాళ్లు తక్కువ మెరుస్తాయి కనుక వాటిని గాజుగా భ్రమించడం సులువు. స్వతంత్ర ప్రయోగశాల పరీక్షతో ఇది తేలుతుంది. రెండవది, మళ్లీ సాన పడితే మిగిలేదెంత? రోజ్ కట్ రాయి పలుచనిది. అందులోంచి 40 డిగ్రీల పైచిలుకు కోణంతో లోతైన బ్రిలియంట్ తీయాలంటే వెడల్పును చాలావరకు కోసివేయాలి. మిగిలేది తరచుగా చిన్న రవ్వ. కూలి ఖర్చు, బరువు నష్టం కలిపితే లాభం కనిపించకపోవచ్చు. మూడవది, నగ మొత్తంగా విలువైనదా? చేతితో తీర్చిన పాతసాన, కుందనపు పొదుగు కలిసి ఒక కాలపు పనితనానికి సాక్ష్యం. ఇలాంటి నగ మసకబారితే రాయి చెడిందని తలచరాదు. వెనుకనున్న రేకుకు తడి తగిలి నల్లబడి ఉండవచ్చు. రేకు మార్చించడంతో కాంతి తిరిగివస్తుంది. అందుకే వెనుక మూసిన నగలను నీటిలో ముంచి కడగకూడదు.

10. పుట్టిన చోటు, పట్టిన సాన:

విపణిలో 'గోల్కొండ వజ్రం' అనే మాట ఆకర్షణీయమైనది. అది ఒక కట్ పేరు కాదు. నత్రజని దాదాపు లేని, మిక్కిలి నిర్మలమైన రాళ్లకు ఆ పేరును విశేషణంగా వాడటం వ్యాపారంలో ఉంది. అలాంటి రాళ్లు ఆఫ్రికా గనులలోనూ లభిస్తాయి. పాతసాన ఉన్నంతమాత్రాన రాయి కృష్ణాతీరానిదని చెప్పలేం. కోహినూర్ సైతం కొల్లూరుదన్నది సంప్రదాయమే గాని లిఖితాధారం ఉన్న విషయం కాదు.

ఇందుకు దగ్గరి ఉదాహరణ జాకబ్ వజ్రం. పాలమూరుకు మహబూబ్‌నగర్ అనే పేరు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పేరుమీదుగా వచ్చింది. ఆయన కాలంలోనే 1891లో అలెగ్జాండర్ మాల్కం జాకబ్ అనే వర్తకుడు ఆ రాయిని హైదరాబాదుకు తెచ్చాడు. 184.75 క్యారట్ల ఆ బ్రిలియంట్ కట్ వజ్రం దక్షిణాఫ్రికా గనిలో దొరికింది, ఐరోపాలో సాన పట్టింది. గోల్కొండ గనుల వారసత్వం గల నేలకు ఆఫ్రికా వజ్రం దిగుమతి కావడం గమనార్హం. 1995లో నిజాం ఆభరణాలతోపాటు భారత ప్రభుత్వం దానిని కొనుగోలు చేసింది. ఒక రాయి ఎక్కడ పుట్టిందో, ఎక్కడ సాన పట్టిందో, ఎవరి ఖజానాలో నిలిచిందో మూడూ వేర్వేరు విషయాలని ఈ వజ్రం తెలియజేస్తుంది.

11. ముగింపు:

వజ్రానికి సాన పట్టడం దిద్దుకోలేని ఎంపిక. కృష్ణాతీర వజ్రాలకు సాన పట్టిన పూర్వపు పనివారు బరువు వైపు మొగ్గారు. ఆధునిక బ్రిలియంట్ పద్ధతి వెలుగు వైపు మొగ్గింది. రెండింటికీ వాటివాటి కాలపు అవసరాలు, తర్కాలు ఉన్నాయి. ఒకదానిని అజ్ఞానమని, మరొకదానిని విజ్ఞానమని తీర్పు చెప్పడం సరికాదు. అయితే బ్రిలియంట్ ధర చెల్లించి, బరువు కోసం లోతుగా వదిలిన రాయిని తెచ్చుకోవడం మాత్రం రెండు విధాలా నష్టం. అలాగే రోజ్ కట్ రవ్వలున్న పాతనగను కొత్త కొలతలతో తూచి తోసివేయడం కూడా నష్టమే. రాయిని చేతిలోకి తీసుకొన్నప్పుడు "ఎన్ని క్యారట్లు?" అని అడిగే ప్రశ్నకు తోడుగా, "ఈ రాయికి సాన పట్టినవారు దేనిని నిలుపుకొని దేనిని వదులుకొన్నారు?" అనే ప్రశ్నను కూడా అడగగలిగితే, కొనుగోలుదారు తన డబ్బుకు తగిన వెలుగును పొందగలడు. పెద్దలిచ్చిన రవ్వలూ వాటి రూపంతోనే తరువాతి తరానికి చేరగలవు.